పుట్టింటికి బార్ చార్టు

ఆ చలికాలమంతా మా ఫ్రిజ్ తలుపు మీద ఒక డ్రాయింగ్ షీటు అంటించి ఉండేది. మావారు దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. కూరగాయలు కొనడానికి వెళ్ళినా ముందు కాయితం మీద గీత గీసుకునే మనిషి. ఇద్దరు పసిపిల్లలతో దోహా నుంచి అబూధాబీకి కారులో వెళ్ళి రావడానికి ఆయన గీసిన బార్ చార్టు అది. పైన అడ్డంగా గంటలు, పక్కన నిలువుగా పనులు. పాలు, టిఫిను, పెట్రోలు, బోర్డరు, ఉచ్చ, మళ్ళీ ఉచ్చ. వీటన్నిటి కిందా ఎర్ర పెన్సిలుతో ఇంకో గీత, దాని పక్కన ‘ఏడుపు, ఇరవై నిమిషాలు’ అని.

“ఏడుపుక్కూడా టైమిచ్చారా?” అన్నాను.

“ఇవ్వకపోతే ప్లాను ఎలా నిలబడుతుంది?” అన్నారాయన.

“ఎవరి ఏడుపు?”

ఆయన ఆ మాట వినిపించనట్టు పెన్సిలు చెక్కుకున్నారు.

అప్పటికి మా అబ్బాయికి మూడున్నరేళ్ళు. కారెక్కిన నలభై నిమిషాలకి వాడికి వాంతి. నలభై నిమిషాలని ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, మేము రిహార్సల్ వేశాం. ఒక శుక్రవారం ఉదయం అల్ సద్‌లోని మా ఫ్లాటు నుంచి దుఖాన్ రోడ్డు మీద వెళ్ళి, మావారు గడియారం చూసుకుంటుండగా, ఎంతసేపటికి ఎవరు ఏం చేస్తారో రాసుకుంటూ వచ్చాం. అమ్మాయికి రెండు నిండబోతున్నాయి. దానికి అప్పుడే లంగోటీలు మానిపించాను. ఎర్ర ప్లాస్టిక్ కుండీ ఒకటి కొన్నాను, పిల్లలు కూర్చునేది. దానిమీద తప్ప లోకంలో ఇంకెక్కడా కూర్చోనని ఆవిడ భీష్మించుకుంది. దానికి మేము ‘సింహాసనం’ అని పేరు పెట్టాం. రిహార్సల్‌కి సింహాసనం తీసుకెళ్ళడం మర్చిపోయాం. ఫలితంగా వెనక్కి వచ్చేదాకా ఆవిడ పెట్టిన రాగం వల్లే చార్టులో ఆ ఎర్ర గీత చేరింది.

ఇంత హంగామా ఎందుకంటే, ఆ ప్రయాణం పేరుకు సెలవుల సరదాయే గానీ నా వరకు నేను పుట్టింటికి వెళ్తున్నాను.

మా అమ్మ నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయింది. అక్కకి పదిహేను. ఆ రోజు నుంచి నాకు జడ వేసింది, జ్వరానికి తడిగుడ్డ వేసింది, లెక్కలు తప్పితే వీపు మీద ఒకటి వేసింది కూడా అక్కే. నాన్న స్కూలు మాస్టారు. నా పెళ్ళి చేసి, మరుసటి ఏడాది ఆయనా వెళ్ళిపోయారు. మాది అద్దిల్లు. పదకొండో రోజు దాటాక బీరువా ఎవరికో ఇచ్చేసి, తాళం ఇంటివాళ్ళకి ఇచ్చేశాం. అక్కతో కలిసి ఒక కప్పు కింద పడుకున్నది అదే ఆఖరు. తర్వాత నేను దోహా వచ్చాను, అక్క అప్పటికే బావగారితో అబూధాబీలో ఉంది. మొదటి కాన్పుకి ఆడపిల్లని పుట్టింటికి తీసుకెళ్ళడం ఆచారం కదా. నాకు వెళ్ళడానికి ఊరుంది గానీ ఇల్లు లేదు. రెండు కాన్పులూ ఇక్కడే జరిగాయి. పథ్యం కారప్పొడి మావారు పుస్తకంలో చూసి కొట్టారు. కాస్త మాడింది గానీ ఆయన్నేమీ అనలేదు.

“నా ఇల్లే నీ పుట్టిల్లనుకోవే. ఒక్కసారి పిల్లల్ని తీసుకుని రా. నీకు తలంటి పోసి, చలిమిడి కట్టి పంపిస్తాను,” అని ప్రతి శుక్రవారం ఫోనులో అక్క అనేది. మధ్యలో ఉన్నది ఒక్కరోజు ప్రయాణం. కానీ ఒకసారి వీసా కుదరలేదు, ఒకసారి నా కడుపు, ఇంకోసారి బావగారి డ్యూటీ. ఇలా ఐదేళ్ళు గడిచాయి.

ఆ ఏడాది రంజాన్ నెల మొదలవడానికి కాస్త ముందు అక్క ఫోను చేసి, బావగారి కంపెనీలో పని అయిపోయిందనీ, ఇల్లు ఖాళీ చేసి ఇండియా వెళ్ళిపోతున్నామనీ చెప్పింది. వాళ్ళు వెళ్ళేది కాకినాడలో అత్తగారింటికి. ఇద్దరు మరుదులు, తోటికోడళ్ళు, మంచి సందడి ఉన్న ఇల్లు. అందరూ మంచివాళ్ళే. కానీ ఆ ఇంట్లో అక్క కోడలు, నేను కోడలిగారి చెల్లెల్ని. కాఫీ కప్పు సాసరులో పెట్టి ఇస్తారు. నేను అక్కడ పొద్దెక్కేదాకా పడుకోలేను, వంటింట్లోకెళ్ళి మూకుడులోంచి వేపుడు ముక్క తీసుకుని నోట్లో వేసుకోలేను. పుట్టింటికి వెళ్ళాలంటే అబూధాబీలో అక్క ఫ్లాటు ఖాళీ అయ్యేలోపే వెళ్ళాలి. పండగ సెలవులు తప్ప మావారికి వేరే దారి లేదు. పండగ వెళ్ళిన శనివారం రాత్రి అక్క విమానం.

ఇక్కడి దాకా అంతా బాగానే ఉంది. ఇక్కడ నేను నా తెలివి చూపించాను.

రంజాన్ పండగ ఎప్పుడో ఇక్కడ ముందే చెప్పరు. ఇరవైతొమ్మిదో రోజా సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాడే పండగ, లేకపోతే ఆ పై రోజు. మావారి చార్టుకి మాత్రం తేదీ కావాలి. ఆయన పెన్సిలు పట్టుకుని దిక్కులు చూస్తుంటే, నేను మా అత్తగారు పంపిన పంచాంగం తెరిచాను. పంచాంగం చూడటం నాకు నాన్న నేర్పారు. మా ఇద్దరిలో అది నాకే వచ్చని నాకు కొంచెం గర్వం. అమావాస్య ఎప్పుడు వెళ్ళిందో చూశాను, విదియ చూశాను, పక్కన ‘చంద్రదర్శనం’ అని అచ్చు వేసి ఉంది. బుధవారం సాయంత్రం. గోడమీద విజయవాడ నుంచి వచ్చిన క్యాలెండరులో కూడా గురువారం గడిలోనే రంజాన్ అని ఉంది.

“గురువారం పండగ. గీత గీసేయండి,” అన్నాను.

మా ఎదురు ఫ్లాటులో కరీంనగర్ నుంచి వచ్చినావిడ ఉండేది, నాకంటే నాలుగేళ్ళు ముందు నుంచి దోహాలో ఉంది. ఆవిడ ఫ్రిజ్ మీద చార్టు చూసి, “అక్కా, ఈడ మన క్యాలెండర్ నడువది. మనకాడికంటే ఈడ పండుగ ఒకరోజు ముందుగాలనే అయితది,” అంది.

“చంద్రుడు ఇక్కడికి వేరేవాడు రాడుగా?” అన్నాను.

“చంద్రుడు ఒక్కడే. గని ఈడ ముందు కనవడ్తడట. నాకేమెర్క, సార్‌ను అడుగు,” అని ఆవిడ నవ్వి ఊరుకుంది. ఐదేళ్ళుగా ఇక్కడ పండగ ఏ రోజు వచ్చిందో, ఇండియాలో ఏ రోజు వచ్చిందో నేను పోల్చి చూసింది లేదు. మావారికి సెలవైతే పండగ, అంతే. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని, పడమటికి వెళ్ళేకొద్దీ నెలవంక ముందే కంటబడుతుందని తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

తప్పు అక్కడితో ఆగినా సరిపోయేది. అప్పట్లో మా పాస్‌పోర్టులు కంపెనీ ఆఫీసు సేఫులో ఉండేవి, చాలామందివి అంతే. దేశం దాటాలంటే యజమాని ఇచ్చే పర్మిట్ ఉండాలి. ఈ కాయితాల పని మీద ఆఫీసుల చుట్టూ తిరిగే ఉద్యోగిని మందూబ్ అంటారు. మావారి కంపెనీ మందూబ్ సుడాన్ దేశస్థుడు, నిదానస్థుడు. పాపం, ఆయనే మా పర్మిట్, సౌదీ మీదుగా వెళ్ళడానికి వీసా, అన్నీ వారం ముందే చేయించి సేఫులో పెట్టి, “ఎప్పుడంటే అప్పుడు తీసుకెళ్ళండి, ఖలాస్,” అన్నాడు.

“సోమవారమే తెచ్చేయనా?” అని మావారు అడిగారు.

“ఇంట్లోకా? మీ పుత్రరత్నం మొన్న హెల్తు కార్డు మీద ఏనుగు బొమ్మ వేశాడు, మర్చిపోయారా? వీసా మీద ఏనుగుంటే సౌదీవాళ్ళు ఊరుకుంటారా? బుధవారం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు తీసుకురండి. అప్పటిదాకా అవి సేఫులోనే భద్రం,” అన్నాను.

మావారు బుధవారం గడిలో ‘పాస్‌పోర్టులు’ అని రాసుకున్నారు.

మంగళవారం నాటికి ఇల్లంతా సర్దేశాను. కారు వెనక సీటు కింద కాళ్ళు పెట్టుకునే గుంతలో సూట్‌కేసులు కూర్చోబెట్టి, పైన బొంత పరిచి మంచంలా చేశాను. సింహాసనం డిక్కీలో అన్నిటికంటే పైన, చెయ్యి పెడితే అందేలా. కాచి చల్లార్చిన నీళ్ళ సీసాలు, పాలపొడి, మరమరాలు, వాంతికి ప్లాస్టిక్ సంచులు పన్నెండు. పులిహోరకి చింతపండు పులుసు ఉడుకుతోంది. బాల్కనీలో పిల్లలిద్దరూ తువ్వాలు కప్పుకుని కారాట ఆడుతున్నారు. బయట ఎక్కడో ఫిరంగి పేలింది. రోజూ ఉపవాసం విడిచే వేళకి పేలేదే అనుకున్నాను. కాసేపటికి మసీదుల నుంచి ఒక్కసారిగా, ఆగకుండా, అల్లాహు అక్బర్ అని గొంతులు మొదలయ్యాయి. కింద సందులో పిల్లలు కేకలు వేసుకుంటూ పరుగెత్తారు. టీవీలో తెల్లబట్టల పెద్దమనిషి ఏదో చదువుతున్నాడు.

ఎదురింటావిడ తలుపు తట్టింది. “అక్కా, రేపే పండుగట,” అంది. నేను ముందే చెప్పలేదా అని మాత్రం అనలేదు. అన్నా బాగుండేది, పోట్లాడేదాన్ని.

మావారు వచ్చి చార్టు ముందు నిలబడ్డారు. బుధవారం నుంచి శుక్రవారం వరకు ఆఫీసుకి తాళం. శనివారం పొద్దున్న తీస్తారు, ఆ రాత్రే అక్క విమానం. పాస్‌పోర్టులు సేఫులో భద్రంగా ఉన్నాయి. ఆయన చార్టు వైపే చూస్తూ, “పంచాంగం...” అన్నారు.

“పంచాంగం మాట ఎత్తితే ఈ పులుసు మీ నెత్తిన పోస్తాను,” అన్నాను. తర్వాత వంటగట్టు పట్టుకుని ఏడ్చాను. చార్టులో ఇచ్చిన ఇరవై నిమిషాలు దాటే ఉంటుంది. నాన్న పేరు చెప్పుకుని లెక్క కట్టి, అమ్మ బదులు అమ్మలా ఉన్నదాని ఇంటికి వెళ్ళకుండా నా చేతులతో నేనే తాళం వేసుకున్నాను. ఆ దుఃఖంలో కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, పాలు ఒలకబోసిన పెద్దాణ్ణి కసిరాను. వాడు బిత్తరపోయి చూశాడు.

మందూబ్‌కి ఫోను చేస్తే, సేఫు తాళం యజమాని దగ్గరే ఉందనీ, ఆయన అల్ ఘర్రాఫాలో ఇంట్లోనే ఉంటాడనీ చెప్పాడు. “రేపు పొద్దున అందరూ ఆయన మజ్లిస్‌కి వెళ్ళి పండగ శుభాకాంక్షలు చెప్తారు. మీరూ రండి. కానీ ఆఫీసు మాట పండగనాడు ఎత్తకూడదు, మర్యాద కాదు. ఆయనే అడిగితే చెప్పండి,” అన్నాడు.

“ఆయన ఎందుకు అడుగుతాడు?” అన్నాను మావారితో.

“అడక్కపోవచ్చు,” అన్నారాయన. అబద్ధం చెప్పడం ఆయనకి ఎప్పుడూ చేతకాదు.

మర్నాడు పొద్దున్నే పిల్లలకి కొత్తబట్టలు వేసి, సర్దిన కారులోనే అల్ ఘర్రాఫా వెళ్ళాం. సామాను దింపుదామని మావారన్నారు గానీ నాకు చేతులు రాలేదు. ఆ ఇల్లు పెద్ద గోడ, ఇనప గేటు, ముందంతా కార్లు. మావారు మగ అతిథులు కూర్చునే పెద్దగది, మజ్లిస్‌లోకి వెళ్ళారు. పిల్లల్నీ నన్నూ ఒక పనమ్మాయి ఆడవాళ్ళ వైపుకి తీసుకెళ్ళింది. గోడల వెంట మెత్తలు, మధ్యలో తివాచీ, దాని మీద పళ్ళేల నిండా ఖర్జూరాలు, మిఠాయిలు, గోధుమలు మాంసంతో కలిపి వండిన జావ. పాతికమంది ఆడవాళ్ళు. అందరికీ మధ్యలో యజమాని తల్లిగారు కూర్చుని ఉంది. ముఖానికి ముక్కు మీదుగా నిలువు పట్టీ ఉన్న, ఇత్తడిలా మెరిసే ముసుగు. ఆవిడ కుటుంబం పూర్వం బొంబాయితో ముత్యాల వ్యాపారం చేసిందట. అందుకని ఆవిడకి ముక్కలు ముక్కలుగా హిందీ వచ్చు. నా హిందీ కూడా అలాంటిదే కాబట్టి ఇద్దరికీ పేచీ లేదు.

నేను ఈద్ ముబారక్ చెప్పి ఒక మూల కూర్చున్నాను. నోరు తెరిచి అడగాలా వద్దా అని ఒకటే గుంజాటన. అడిగితే మావారి పరువు పోతుందేమో, అడక్కపోతే నా పుట్టిల్లు పోతుంది. ఇలా కొట్టుమిట్టాడుతుంటే మా అమ్మాయి రెండు ఖర్జూరాలు తిని, ఒక గ్లాసు రసం తాగి, లేచి నిలబడి, కాళ్ళు దగ్గరికి పెట్టి, “సింహాచనం,” అంది.

ఆ తివాచీ చూశాను, పిల్లని చూశాను. ఇంకేమీ ఆలోచించలేదు. దాన్ని పనమ్మాయి చేతిలో పడేసి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గేటు దాకా పరుగెత్తాను. డిక్కీ తీసి, ఎర్ర సింహాసనం చంకన పెట్టుకుని, కార్ల మధ్య నిలబడ్డ తెల్లబట్టల మగవాళ్ళందరి ముందు నుంచీ వెనక్కి పరుగెత్తాను. వాళ్ళంతా మర్యాదగా ఆకాశం వైపు చూశారు. లోపల ఒక మూలకి తీసుకెళ్ళి కూర్చోబెట్టగానే మా అమ్మాయి మహారాణిలా గదంతా కలయజూసి పని కానిచ్చింది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

ముసుగు వెనక ముసలమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నన్ను దగ్గరికి పిలిచి, “యే గాడీ మే క్యోఁ?” అని అడిగింది. పండగకి వచ్చేవాళ్ళు కారులో ఇది ఎందుకు పెట్టుకొస్తారని ఆవిడ సందేహం.

“సఫర్,” అన్నాను. ప్రయాణం అన్న మాట ఆవిడకి తెలిసింది.

“కిధర్?”

“అబూధాబీ. బహెన్ కా ఘర్.”

“అచ్ఛా, ఆజ్ జాతా?”

“మాఫీ పాస్‌పోర్ట్,” అంటే పాస్‌పోర్టు లేదని అన్నాను, చెయ్యి తిప్పి తాళం వేసినట్టు చూపించి. “ఆఫీస్ బంద్.”

ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. అక్కని తర్వాత చూడొచ్చులే అన్నట్టు ఏదో అంది. అక్క శనివారం వెళ్ళిపోతోందని వేళ్ళ మీద చూపించాను. అమ్మ ఉందా అని అడిగింది. “ఉమ్మ్ మాఫీ. ఛోటా థీ, ఖలాస్,” అని, చేత్తో తొమ్మిదేళ్ళ పిల్ల ఎత్తు చూపించి, “బహెన్ హీ మాఁ,” అక్కే అమ్మ అన్నాను. అంతకంటే హిందీ నాకు రాలేదు, ఆవిడకి అక్కర్లేకపోయింది.

ఆవిడ కర్ర ఆనించుకుని లేచింది. మనవణ్ణి పిలిచి కొడుకుని రమ్మని చెప్పించింది. యజమాని తలుపు దగ్గరికి వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. నాలుగొందలమంది ఆయన సంతకం కోసం వరసలో నిలబడతారు. ఆవిడ కర్రతో నేలమీద రెండుసార్లు కొట్టి అరబ్బీలో ఏదో గట్టిగా చెప్పింది. ఆయన “హాజిర్, యుమ్మా,” అని, సరే అమ్మా అన్నట్టు తలొంచాడు. నాకు అర్థమైంది అదొక్కటే.

మధ్యాహ్నం నమాజులు, భోజనాలు అయ్యాక ఆయన తాళం మందూబ్ చేతికిచ్చి పంపాడు. సాయంత్రానికి నాలుగు పాస్‌పోర్టులు మా ఇంట్లో ఉన్నాయి. నేను వాటిని దేవుడి అలమారలో పైఅరలో పెట్టి, కింద పెద్దాణ్ణి కూర్చోబెట్టి, ముందురోజు కసిరినందుకు జీడిపప్పు పెట్టాను. మావారు మాత్రం ఇంకా తేరుకోలేదు. గంటన్నరసేపు మజ్లిస్‌లో కూర్చుని నోరు విప్పలేక, వద్దంటే తప్పేమోనని పోసిన కహ్వా కాఫీ పోసినట్టు తాగి, పన్నెండు కప్పులయ్యాక యజమాని లేచి వెళ్ళడం చూసి తనమీద కోపం వచ్చిందనుకున్నారట. “నేను గంటన్నరలో చెయ్యలేనిది అది నిమిషంలో చేసింది,” అని కూతురి వైపు చూశారు. ఆ రాత్రి దానికి రెండు ముద్దులు ఎక్కువే పడ్డాయి.

గురువారం తెల్లవారుతూనే బయల్దేరాం. ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చార్టు సల్వా బోర్డరు దాకా కూడా నిలవలేదు. పెద్దాడికి నలభై నిమిషాలకి రావలసిన వాంతి ముప్ఫై ఐదుకే వచ్చింది. రెండువైపులా ఇసుక, మధ్యలో నల్లరోడ్డు, అప్పుడప్పుడు దూరంగా ఒంటెలు. రోడ్డు పక్కన ఇసుకలో ఎర్ర సింహాసనం వేసి, దానిమీద మా అమ్మాయి కూర్చుంటే, వెళ్ళే లారీవాళ్ళు హారన్ కొట్టి పలకరించారు. ఏడుపుకి కేటాయించిన సమయం మిగిలిపోయింది. ఎవరూ ఏడవలేదు.

సాయంత్రం కాకముందే అక్క తలుపు తీసింది. ఐదేళ్ళలో జుట్టు చెవుల దగ్గర కాస్త తెల్లబడింది. నన్ను చూసి ముందు మాట, “ఇలా చిక్కిపోయావేమే,” అని. రెండో మాట, “నాన్న నేర్పిన పంచాంగం బానే ఉందిగానీ, ఆయన గల్ఫ్‌లో ఎప్పుడైనా పాఠం చెప్పారా?” అని. ఇద్దరం గుమ్మంలోనే నవ్వుకున్నాం, తర్వాత కాస్త ఏడ్చాం.

ఇల్లంతా ఖాళీ. మంచాలు, సోఫాలు వెళ్ళిపోయాయి. గోడలకి మేకులు మిగిలాయి. మాట్లాడితే గొంతు తిరిగి వినిపిస్తోంది. పిల్లలకి ఆ ఖాళీ ఎంత నచ్చిందో చెప్పలేను, ఈ గోడ నుంచి ఆ గోడకి పరుగులు. బావగారు వాళ్ళకి అడ్డంగా ఒంటెలా వంగి నిలబడ్డారు. వంటిల్లు మాత్రం అక్క కదపలేదు. స్టవ్వు, గిన్నెలు, పోపులపెట్టె అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. “అడిగినవాళ్ళందరికీ శనివారం రమ్మని చెప్పాను. నువ్వొచ్చి తినకుండా స్టవ్వు ఎలా ఇస్తాను?” అంది. గుత్తొంకాయ వండింది. మూకుడులోంచి ముక్క తీసుకుని తిన్నాను, చెయ్యి మీద ఒకటి వేసింది.

మావారు శుక్రవారానికి చార్టు వేసే ఉంచారు. ఉదయం సముద్రపు ఒడ్డు, తర్వాత పార్కు, ఫొటోలు, మధ్యాహ్నం రెండుకి తిరుగు ప్రయాణం. నాకు వేరే చార్టు ఉంది, బుర్రలో. ఐదేళ్ళలో అక్కకి చెప్పకుండా దాచుకున్న మాటలన్నీ. అమ్మ పోయినప్పుడు అడగనివి, కాన్పుల్లో భయపడ్డవి, అన్నీ వరసగా పెట్టుకుని వెళ్ళాను.

తలంటి పోస్తానని శుక్రవారం పొద్దున్న ఆరింటికే లేపి, నూనె పెట్టి కూర్చోబెట్టింది. కుంకుడుకాయ కళ్ళలో పడిందని చిన్నప్పుడు అరిచినట్టే అరిచాను. జుట్టు తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, “కాసేపు ఇలా వాలు, ఆరుతుంది,” అని చాప మీద తన దుప్పటి పరిచింది. వాలాను.

కళ్ళు తెరిచేసరికి ఒంటిగంట.

గభాల్న లేచి కూర్చున్నాను. ఇంట్లో చప్పుడు లేదు. మావారూ బావగారూ పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళారు. అక్క నా తలదగ్గర గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, పళ్ళెంలో పాకం చలిమిడి ఉండలు చేస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“లేపలేదేం? ఉన్నదే ఒక్క పూట. నీతో ఎన్ని మాట్లాడాలనుకున్నానో తెలుసా? నెలకి పైగా ప్లాను వేసుకున్నాను,” అన్నాను.

“లేపుదామని రెండుసార్లు వచ్చాను. నోరు తెరుచుకుని పడుకున్నావు, అచ్చం ఆరో తరగతిలో పడుకున్నట్టే,” అంది. చెయ్యి ఆపకుండా, “మాటలకి ఫోనుంది. పుట్టింటికి వచ్చిన పిల్ల నిద్రపోకపోతే ఇంకెక్కడ నిద్రపోతుందే?” అంది.

పెద్దాడు పుట్టినప్పటి నుంచి, ఎవరు లేచారో, ఎవరు ఏడుస్తున్నారో అని ఒక చెవి తెరిచిపెట్టుకోకుండా నేను పడుకున్నది ఆ ఒక్క పూటే. ఇల్లు ఖాళీ అయిపోయినా, గోడల మీద మేకులే మిగిలినా, నేను వెళ్ళిన చోటు సరైన చోటేనని అప్పుడు తెలిసింది. ఆమె ఒళ్ళో తల పెట్టి ఇంకో పది నిమిషాలు పడుకున్నాను.

రెండింటికి గుమ్మంలో బొట్టు పెట్టి, చీర పెట్టి, స్టీలు డబ్బా నిండా చలిమిడి నా ఒళ్ళో పెట్టింది. కారు మలుపు తిరిగేదాకా బాల్కనీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. బోర్డరులో ఒక సిపాయి డబ్బా మూత తీసి, వేలితో నొక్కి చూసి, ఇదేంటన్నాడు. “ఉమ్మ్ దియా,” అమ్మ ఇచ్చిందన్నాను. మూత పెట్టి ఇచ్చేశాడు.

పుట్టింటి నుంచి తెచ్చిన చలిమిడి మనం ఒక్కళ్ళమే తినకూడదు, ఇరుగుపొరుగుకి పంచాలి. కాన్పులప్పుడు నాకు ఆ యోగం లేదు కాబట్టి అల్ సద్‌లో మా మెట్లన్నీ ఎక్కి దిగి మరీ పంచాను. ఎదురింటావిడ రెండు ఉండలు తిని, “వచ్చే ఏడాది పండుగకు నన్నడుగు అక్కా,” అంది. ఆవిడకి మూడోది పెట్టాను, నోరు మూయించడానికి.

ఆ ఆదివారం సాయంత్రం మిగిలిన డబ్బాతో అల్ ఘర్రాఫా వెళ్ళాను. ముసలమ్మ ఒక్కర్తే కూర్చుని ఉంది. మా అమ్మాయిని చూడగానే, అది తెచ్చావా అన్నట్టు ఎర్ర సింహాసనం ఆకారం చేతులతో గాలిలో చూపించింది. ఈసారి దాన్ని ముందే చేత్తో పట్టుకొచ్చాను. ఆవిడ ముసుగు కింద నుంచి చలిమిడి ముక్క నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి, బాగుందని తలూపింది.

“బహెన్ కే ఘర్ సే?” అక్క ఇంటి నుంచా అని అడిగింది.

“మాఁ కే ఘర్ సే,” అన్నాను.

పండగనాడు నేను చేత్తో చూపించిన పిల్ల ఎత్తు ఆవిడకి గుర్తుంది. ఏమీ సరిదిద్దలేదు. ఇంకో ఉండ తీసుకుని, డబ్బా పనమ్మాయి చేతికిచ్చింది. నేను లేచేసరికి ఆ డబ్బా నిండా ఖర్జూరాలు పోయించి, మా అమ్మాయి మొయ్యలేనంత బరువుగా, దాని ఒళ్ళోనే పెట్టింది.